చెప్పకపోతే దేవుడు నన్ను అడుగుతాడా?

ప్రశ్న

అయ్యగారికి వందనాలు. మాది విజయవాడ సింగ్‌నగర్. నేను వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో పనిచేస్తాను. మా ఆయన ఆటో నడుపుతారు. ఏడేళ్లుగా ఒకే ఇంట్లో కింద పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాం. పైన ఇంటివాళ్లు ఉంటారు. ఆ ఇంటావిడను నేను పిన్నిగారూ అని పిలుస్తాను. 2024లో బుడమేరు వరదకు మా పోర్షన్ మునిగిపోతే మా నలుగుర్నీ పైకి తీసుకెళ్లి, నీళ్లు తీసేదాకా వాళ్లింట్లోనే పెట్టుకున్నారు. వాళ్లు హిందువులు. ఆ రోజుల్లో ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టుకుని వచ్చి, మా పిల్లలకు అన్నం పెట్టి, "నువ్వు కూడా మీ ప్రార్థన చేసుకో అమ్మాయ్, మొహమాటపడకు" అనేవారు. ఇప్పుడు ఆవిడకు క్యాన్సర్. గుంటూరులో ఒక ఆసుపత్రిలో కీమో ఇప్పిస్తున్నారు. డాక్టర్లు గట్టిగా ఏమీ చెప్పడం లేదు.

మొన్న మా వీధి కూటంలో బోధకుడు యెహెజ్కేలు 33వ అధ్యాయం చదివి, మీ పక్కింటివాళ్లకు చెప్పకపోతే వాళ్ల రక్తం మీ చేతుల మీద ఉంటుందని అన్నారు. సింగ్‌నగర్ మునగడం కూడా దేవుడి తీర్పేనన్నారు. ఆ రాత్రి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఆవిడకు యేసుప్రభువు గురించి చెప్పలేదు. మా సంఘంలో ఒక అక్క, ఐదారుగురం కలిసి ఆసుపత్రికి వెళ్దాం, చివరి గడియలోనైనా ఒప్పిద్దాం అంటున్నారు. మా ఆయనేమో "ఆవిడ చేసిన మేలుకు నువ్విచ్చేది ఇదా?" అంటున్నారు. పిన్నిగారు నరకానికి పోతారా? నేను చెప్పకపోతే దేవుడు నన్ను లెక్క అడుగుతాడా? అసలు ఎలా చెప్పాలి?

ఒక సహోదరి, విజయవాడ

సమాధానం

అమ్మా, వందనాలు.

ముందు మీ చివరి ప్రశ్న సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో ఆలస్యం పనికిరాదు. పిన్నిగారికి చెప్పండి. మీరే చెప్పండి, ఒక్కరే వెళ్లి చెప్పండి, ఆవిడ కాస్త తేరుకుని కూర్చోగలిగిన రోజు చూసుకుని చెప్పండి. ఐదారుగుర్ని వెంటబెట్టుకుని మాత్రం వెళ్లకండి. ఎలా మొదలుపెట్టాలో కింద రాస్తాను. దానికంటే ముందు, మీకు నిద్ర లేకుండా చేసిన ఆ మాటలను వాక్యం దగ్గర పెట్టి చూడాలి. వాటిలో నిజం ఉంది. ఆ నిజంతోపాటు, వాక్యంలో లేనిది కూడా కొంత కలిసింది.

తీర్పు ఉందా? ఉందమ్మా. ఆ బోధకుడి మాటలు మీకు భయం కలిగించాయని తీర్పే లేదని నేను మీతో అనలేను. నేను లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి. ప్రతి ఆదివారం లేచి నిలబడి, ఆయన సజీవులకును మృతులకును తీర్పు తీర్చడానికి వస్తాడని విశ్వాస ప్రమాణంలో ఒప్పుకుంటాం. "మనుష్యులొక్కసారే మృతిపొందవలెనని నియమింపబడెను, ఆ తరువాత తీర్పు జరుగును" అని హెబ్రీ పత్రిక చెబుతోంది. దాన్ని పక్కకు నెట్టి, అందరూ మంచివాళ్లే, అంతా బాగానే ఉంటుంది అని సర్దిచెప్పే బోధ వినడానికి హాయిగా ఉంటుంది. నేను దాన్ని నమ్మను.

ఎందుకు నమ్మనో చెబుతాను. తీర్పు అనగానే మనకు అగ్నిగుండం గుర్తొచ్చి కాళ్లు వణుకుతాయి. 98వ కీర్తన చదివి చూడండి. అందులో నదులు చప్పట్లు కొడతాయి, కొండలు కలిసి సంతోషంతో కేకలు వేస్తాయి. కారణం? యెహోవా భూమికి తీర్పు తీర్చడానికి వస్తున్నాడు! లేఖనాల్లో తీర్పు కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసినవాళ్లు ఎక్కువగా దెబ్బలు తిన్నవాళ్లే. మన ప్రాంతం వాళ్లకు ఇది వేరే వివరించాలా? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు వేశారు. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టేసింది. మనుషుల కోర్టులో అయిపోయిన చోట లెక్క పూర్తిగా అయిపోయినట్టేనా? బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, దేవుడు తీర్పు తీరుస్తాడన్న మాట బెదిరింపుగా వినపడదు. ఆమెకు మిగిలిన ఆశ అదే. తీర్పును బోధలోంచి తీసేస్తే ఆ తల్లి దగ్గర నుంచి ఆ కాస్తా లాక్కున్నట్టవుతుంది. కాబట్టి అమ్మా, తీర్పును నమ్మండి. అది మనల్ని కూడా వెతుకుతూ వస్తుందని మర్చిపోకుండా నమ్మండి. "తీర్పు దేవుని ఇంటియొద్ద ఆరంభమగు కాలము వచ్చియున్నది" అని పేతురు రాశాడు. మొదట మన మందిరాల దగ్గరే, మన ఇళ్ల దగ్గరే. పక్కింటివాళ్ల సంగతి ఆ తర్వాత.

ఇక వరద. ఈ విషయంలో ఆ బోధకుడు చెప్పింది తప్పు. మెత్తగా చెప్పడం నాకు చేతకావడం లేదు, ఎందుకంటే ఇదే ప్రశ్న యేసుప్రభువు ముందుకు వచ్చింది, ఆయన నోటితోనే జవాబు చెప్పాడు. లూకా 13వ అధ్యాయం. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావాళ్లందరికంటే పాపులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని తేల్చి చెప్పాడు. ఆ వెంటనే, మీరు మారుమనస్సు పొందకపోతే మీరు కూడా నశిస్తారని ఎదురుగా ఉన్నవాళ్లతో అన్నాడు. చనిపోయినవాళ్ల పాపాల లెక్క తీయనివ్వలేదు, వింటున్నవాళ్ల హృదయాల వైపు మాట తిప్పాడు. 2024 సెప్టెంబరు 1 ఆదివారం. ఆరాధనకు బయల్దేరాల్సిన పొద్దున మీ వీధుల్లోకి నీళ్లొచ్చాయి. ఎగువన కుండపోత వాన పడింది. వెలగలేరు దగ్గర గేట్లు ఎత్తారు. బుడమేరు కట్టలకు గండ్లు పడ్డాయి. అటు కృష్ణ కూడా పొంగుతోంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరకు నీళ్లొచ్చాయి, ఆ పోటుకు బుడమేరు నీళ్లు నదిలోకి పోయే దారి లేకపోయింది. వాగు పారాల్సిన చోట ఏళ్ల తరబడి ఇళ్లు లేచాయి. ఇవన్నీ కళ్లముందున్న కారణాలు. వీటిలో మనుషులు జవాబు చెప్పాల్సినవీ ఉన్నాయి, ఆ జవాబు కూడా ఒకరోజు దేవుడి ముందు చెప్పాల్సిందే. మునిగినవాళ్లు పాపులు, మునగనివాళ్లు నీతిమంతులు అనే మాట మాత్రం ప్రభువు నోట రాలేదు. మునిగిన వీధుల్లో గుడి ఉంది, మసీదు ఉంది, మందిరం ఉంది. కొండ మీద కట్టుకున్నవాళ్లు మీకంటే పరిశుద్ధులై బతికిపోయారా?

యెహెజ్కేలు 33 దగ్గరకు వద్దాం. మీ గుండెలో దిగింది ఆ అధ్యాయమే కాబట్టి దాన్ని తీరిగ్గా చదవండి. కావలివాడు కత్తి రావడం చూసి బాకా ఊదకపోతే, నశించినవాడి రక్తం గురించి దేవుడు కావలివాడిని విచారిస్తానన్నాడు. నిజమే, అక్కడ రాసి ఉంది. యెహెజ్కేలును ఎవరి మీద కావలివాడిగా నియమించాడు? ఇశ్రాయేలు ఇంటివారి మీద. అంటే దేవుడి పేరు పెట్టుకున్న సొంత జనం మీద. ముందు సంఘానికి, ముందు బోధకులకు ఆ బాకా ఊదాలి. పదకొండో వచనంలో దేవుడు తన జీవం తోడుగా ఒట్టు పెట్టుకుని, దుర్మార్గుడు చావడం నాకు సంతోషం కాదు, వాడు తన దారి మార్చుకుని బతకడమే నాకు సంతోషం అంటాడు. ఆ వచనం చదవకుండా ఆరో వచనం దగ్గర ఆగిపోతే ఆ అధ్యాయం చదివినట్టు కాదు. ఇంకొకటి. కావలివాడి పని బాకా ఊదడం. వినడం, వినకపోవడం విన్నవాడి చేతిలో ఉంది. ఇళ్లలోకి దూరి మనుషుల్ని చెయ్యిపట్టి బయటికి ఈడ్చమని ఆ కావలివాడికి ఎవరూ చెప్పలేదు.

అయితే దేవుడు మిమ్మల్ని అడుగుతాడా? అడుగుతాడమ్మా. ఆ మాటను తేలిక చేసి మిమ్మల్ని ఊరుకోబెట్టడం నాకు ఇష్టం లేదు. పౌలు ఎఫెసు పెద్దల దగ్గర సెలవు తీసుకుంటూ, మీలో ఎవరి నాశనం విషయంలోనూ నేను దోషిని కాను అన్నాడంటే, చెప్పాల్సింది చెప్పకుండా దాచుకుంటే దోషం ఉంటుందని అతనికి తెలుసు. అయితే అదే చోట, మూడేళ్లు రాత్రింబగళ్లు కన్నీళ్లతో బుద్ధి చెప్పానని కూడా అన్నాడు. మూడేళ్లు వాళ్ల మధ్య బతికి, వాళ్ల కష్టం చూసి, సొంత చేతులతో పని చేసుకుని తిని, ఆ తర్వాత అన్న మాట అది. దేవుడు మిమ్మల్ని అడిగేది ఎంతమందిని ఒప్పించావని కాదు. నీకు అన్నం పెట్టిన మనిషిని ప్రేమించావా, ప్రేమిస్తే నీకున్న అన్నిటికంటే మంచిదాన్ని ఆమెకు ఎందుకు చెప్పలేదు అని అడుగుతాడు. ఏడేళ్ల మౌనం గురించి ఆయన దగ్గర ఒకసారి మనసారా ఒప్పుకోండి. రోజూ రాత్రి అదే తవ్వుకుంటూ కూర్చోకండి. "ప్రేమలో భయముండదు" అని యోహాను రాసింది మీలాంటివాళ్ల కోసమే. టెన్షన్‌తో వణుకుతూ వెళ్తే, మీరు మీ తల మీది బరువు దించుకోవడానికి వచ్చారని పిన్నిగారికి ఇట్టే తెలిసిపోతుంది.

పిన్నిగారు నరకానికి పోతారా అని అడిగారు. అది రాయడానికి మీ చెయ్యి ఎంత వణికిందో నాకు తెలుస్తోంది. రక్షణ క్రీస్తులోనే ఉందని నేను నమ్ముతాను. అపొస్తలుల కార్యాలు 4వ అధ్యాయంలో పేతురు చెప్పింది అదే, నేను దాన్ని ఒక్క అంగుళం కూడా తగ్గించను. కానీ ఎవరు లోపల, ఎవరు బయట అనే జాబితా ఆయన మన చేతికి ఇవ్వలేదు. ఈ విషయంలో సంఘాల మధ్య తేడాలున్నాయి. తమ తప్పు లేకుండానే సువార్త ఎరగకుండా ఉండి, యథార్థమైన మనసుతో దేవుణ్ణి వెతికేవాళ్లు కూడా రక్షణ పొందవచ్చని కతోలిక సంఘం 1964లో వాటికన్ మహాసభలో చెప్పింది. మన బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు పెద్దలు చాలామంది, నోటితో ఒప్పుకుని నమ్మితేనే అని గట్టిగా అంటారు. ఈ వాదం మీరు తేల్చాల్సిన పని లేదు. అబ్రాహాము సొదొమ కోసం దేవుడితో బేరమాడుతూ అడిగిన ప్రశ్న పట్టుకోండి: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" తీర్పు తీర్చే అధికారమంతా తండ్రి కుమారుడికి అప్పగించాడని యోహాను సువార్త 5వ అధ్యాయంలో ఉంది. అంటే పిన్నిగారు నిలబడేది ఎవరి ముందు? చేతుల్లో మేకుల గుర్తులున్నవాడి ముందు. పక్క సిలువ మీద చివరి గడియలో ఒక్క మాట అడిగిన దొంగను ఆ రోజే పరదైసుకు తీసుకెళ్లినవాడి ముందు. ఆవిడ విషయంలో ఆయన మీకంటే, నాకంటే, ఆ బోధకుడికంటే ఎక్కువ శ్రద్ధ ఉన్నవాడు.

మత్తయి 25 కూడా ఇక్కడ తప్పించుకోలేం. చివరి తీర్పు గురించి ప్రభువు చెప్పిన దృశ్యాల్లో అంత వివరంగా ఉన్నది మరొకటి లేదు. అక్కడ రాజు అడిగేవి చూడండి. ఆకలిగా ఉంటే అన్నం పెట్టారా, పరదేశినై ఉంటే చేర్చుకున్నారా, రోగినై ఉంటే చూడ్డానికి వచ్చారా. ఆ సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో ఒక ఇంటి పై అంతస్తులో ఎవరు ఎవర్ని చేర్చుకున్నారు? దీన్నిబట్టి పిన్నిగారి పేరు మీద నేను ఏ తీర్పూ రాసివ్వను, మంచి పనులు మనిషిని రక్షిస్తాయనీ చెప్పను. కాని ఆ అధ్యాయం చదివేటప్పుడు ఆవిడ పెట్టిన అన్నం గుర్తు రాకపోతే మనం సరిగా చదవనట్టే. ఇప్పుడు రోగిగా ఉన్నది ఆవిడ. చూడ్డానికి వెళ్లాల్సినవాళ్లు మీరు. ఎన్నిసార్లు వెళ్లారు? మీ ఉత్తరంలో రాయలేదు కాబట్టి అడుగుతున్నాను.

అన్నీ ఆయన చేతిలోనే ఉన్నప్పుడు ఇంత తొందరెందుకని మీ ఆయన అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పౌలు కొరింథీయులకు రాస్తూ ఒకే అధ్యాయంలో రెండూ చెప్పాడు. మనమందరం క్రీస్తు న్యాయపీఠం ముందు కనబడాలన్నాడు, నాలుగు వచనాల తర్వాత "క్రీస్తు ప్రేమ మమ్మును బలవంతము చేయుచున్నది" అన్నాడు. తీర్పును ప్రకటించి ప్రేమ లేకుండా పోయినవాడు కూడా బైబిల్లో ఉన్నాడు, యోనా. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందని చెప్పాడు. ఊరంతా పశ్చాత్తాపపడి, దేవుడు కనికరిస్తే కోపం తెచ్చుకుని ఊరి బయట కూర్చున్నాడు. కుడి ఎడమలు ఎరగని లక్షా ఇరవై వేల మందికి పైగా జనం, బోలెడు పశువులు ఉన్న ఆ ఊరి మీద నేను జాలిపడవద్దా అని దేవుడు అడిగాడు. ఆ పుస్తకం ఆ ప్రశ్నతోనే ముగిసిపోతుంది. యెరూషలేము నాశనం గురించి చెప్పేటప్పుడు యేసుప్రభువు ఏడ్చాడు. నరకం గురించి మాట్లాడుతూ గొంతులో తడి లేని బోధకుడి మాట విన్నప్పుడు, అమ్మా, ఆ మాట యోనా దగ్గర నుంచి వచ్చిందా, ప్రభువు దగ్గర నుంచి వచ్చిందా అని అడగండి.

తొందర ఎందుకంటే, పిన్నిగారి ముందు రోజులు తక్కువ ఉండవచ్చు. జబ్బు మనిషికి రాత్రిళ్లు భయాలొస్తాయి. నేనేమైపోతాను, నన్ను ఎవరు చూసుకుంటారు, చేసిన తప్పుల సంగతేమిటి అని. అప్పుడు పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉందని మీకు తెలుసు. తెలిసినవాళ్లు చెప్పాలి, అంతే.

మీరు వెళ్లేసరికి దేవుడు అక్కడ ముందే పని మొదలుపెట్టి ఉండవచ్చని కూడా గుర్తుంచుకోండి. మీ జిల్లా సంగతే చెబుతాను. రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే ఆయన ఉండేవాడు, మాల కుటుంబంలో పుట్టినవాడు. విగ్రహాలను వదిలేసి, నిజమైన దేవుడు ఎవరో కనబడమని వెతుకుతూ తిరిగాడు. 1859లో బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీ దగ్గర సువార్త విని, ఇంతకాలం నేను వెతికింది ఈయననే అని నమ్మాడు. ఆ తర్వాత ఆ కబురు తన బంధువులకు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తనే మోసుకెళ్లాడు. కృష్ణా జిల్లాలో ఎన్నో సంఘాలు అలా మొదలయ్యాయి. మైకు లేదు, కరపత్రం లేదు. తెలిసినవాడు తెలిసినవాడితో అరుగు మీద కూర్చుని మాట్లాడాడు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ చేసిందీ చెప్పాలి. 1883లో ఆమె వచ్చినప్పుడు మిషన్‌వాళ్లు పంపింది ఆడవాళ్ల మధ్య బోధ చేయడానికి, వైద్యానికి కాదు. జబ్బుపడ్డ ఆడవాళ్లను చూసి ఆమె ఊరుకోలేకపోయింది. 1898కి గుంటూరులో ఆసుపత్రి లేచింది. ఆమె సువార్త చెప్పడం మానలేదు, చెప్పడం కోసం మందు ఆపలేదు. మన తాతలు ఆ రెండిటినీ కలిపే చూశారు.

సరే, ఎలా చెప్పాలో చూద్దాం.

కీమో ఎక్కించిన రోజు, ఆ తర్వాత రెండు మూడు రోజులు వద్దు. వాంతులు, నీరసం ఉంటాయి, కొందరికి పూల వాసన కూడా పడదు. ఆవిడ ఇంటికి వచ్చి, కాస్త కూర్చుని కాఫీ తాగగలిగే రోజున పైకి వెళ్లండి. బైబిలు చేతిలో పట్టుకుని వెళ్లకండి, మామూలుగా ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి. ఏదైనా పని ఉంటే ముందు అది చేయండి. నీళ్లు పట్టాలా, మందులు తేవాలా, గుంటూరు వెళ్లడానికి బండి కావాలా అడగండి. తర్వాత పక్కన కూర్చుని ఇలాంటి మాటతో మొదలుపెట్టవచ్చు: "పిన్నిగారూ, మీకు ఒక మాట చెప్పాలని చాలా రోజుల నుంచి ఉంది. ధైర్యం చాలక చెప్పలేదు. మీకు అభ్యంతరం లేకపోతే చెబుతాను. వద్దంటే మానేస్తాను." ఆవిడ చెప్పమంటే చెప్పండి. నాకు కష్టమొచ్చినప్పుడు నేను ఎవరిని పిలుస్తానో, ఆయన నాకు ఎలా జవాబిచ్చాడో, ఆయన నా పాపాల కోసం చనిపోయి తిరిగి లేచాడని నేనెందుకు నమ్ముతానో చెప్పండి. మీ సొంత మాటల్లో, పది నిమిషాల్లో. తర్వాత, ఆయన మిమ్మల్ని కూడా ప్రేమిస్తున్నాడు పిన్నిగారూ, మీరు కూడా ఆయన్ని పిలవవచ్చు, ఆయన వింటాడు అనండి. ప్రార్థన చేయమంటారా అని అడగండి. ఒప్పుకుంటే చిన్న ప్రార్థన చేయండి. గొంతు పెంచకండి.

ఆవిడే "చచ్చిపోయాక ఏమవుతుందే అమ్మాయ్?" అని అడిగితే దాటేయకండి. దేవుడి ముందు నిలబడతాం, మన బతుకు ఆయన ముందు తెరుచుకుంటుంది, నా లెక్క నేను సరిచేసుకోలేను కాబట్టి యేసయ్యను పట్టుకున్నాను అని మీ గురించే చెప్పండి. తీర్పు గురించి నిజాయితీగా మాట్లాడే పద్ధతి అదొక్కటే నాకు తెలుసు, నన్ను ముందు నిలబెట్టుకుని మాట్లాడటం.

"నాకు నా దేవుడున్నాడమ్మా, నన్నొదిలెయ్" అంటే సరేనండి అని, కాఫీ గ్లాసు కడిగి పెట్టి, మర్నాడు మళ్లీ ఎప్పటిలాగే వెళ్లండి. ఆ వెళ్లడం మానేస్తే, ఇన్నాళ్ల ప్రేమా ఈ ఒక్క మాట కోసమేనని ఆవిడ అనుకుంటారు. ఆవిడ మళ్లీ అడిగితే మళ్లీ చెప్పండి. పదేపదే మీరే ఎత్తకండి.

కొన్ని మాటలు మాత్రం పొరపాటున కూడా అనవద్దు. ఈ జబ్బు విగ్రహాల వల్ల వచ్చిందనవద్దు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే ప్రభువు ఎవరిదీ కాదన్నాడు. నమ్మితే క్యాన్సర్ పోతుందని మాటివ్వవద్దు. స్వస్థత ఆయన చేతిలో ఉంది, ప్రార్థన చేయవచ్చు, గ్యారంటీ ఇవ్వడానికి మనం ఎవరం? కీమో మానమని, మందులు ఆపమని మీ సంఘంలో ఎవరైనా సలహా ఇస్తే అక్కడికక్కడే అడ్డు చెప్పండి. ఆవిడ పూజ గది జోలికి పోవద్దు. ఒకవేళ ఆవిడ మనసు తెరిచి నమ్ముతానంటే చాలా సంతోషం, అప్పుడు కూడా హడావుడి వద్దు. వాళ్లాయనకు, పిల్లలకు తెలిసేలా జరగాలి. ఆసుపత్రి మంచం మీద ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో సాక్ష్యం పెట్టడం పాపమని నేను అనుకుంటాను.

ఆ అక్కకు ఏం చెప్పాలి? మంచం మీద ఉన్న మనిషి లేచి బయటికి వెళ్లలేదు. ఆరుగురు చుట్టూ నిలబడి అడిగితే, వద్దనే శక్తి లేక ఆవిడ సరే అనవచ్చు. ఆ సరేను తీసుకెళ్లి దేవుడి ముందు పెడదామా? మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు మనకిచ్చింది. ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. చట్టం సంగతి అటుంచి, పేతురు మనకు పెట్టిన హద్దు ఇంకా ముందే ఉంది. మనలోని నిరీక్షణకు కారణం అడిగే వాళ్లకు "సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పమన్నాడు. ఆ అక్క ఆత్రం అబద్ధం కాదు, ఆమెను చిన్నబుచ్చకండి. "అక్కా, మీరు శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టండి, నేను వెళ్లే రోజు మీకు చెబుతాను, ఆ గంట మీరంతా ఇక్కడే ఉండి ప్రార్థన చేయండి" అనండి. ఆమెకు అది నిజమైన పని.

మీ ఆయన మాటలో సగం ఒప్పుకుంటాను. మేలు చేసిన ఇంటిమీదికి గుంపుగా వెళ్లడం కృతఘ్నతే. కానీ మనకున్నదాంట్లో అన్నిటికంటే విలువైనదాన్ని ఆవిడకు చూపించకుండా దాచుకోవడం మర్యాద ఎలా అవుతుంది? ఆయనకు ఈ ఉత్తరం చదివి వినిపించండి. కీమో రోజున వాళ్లను గుంటూరు తీసుకెళ్లడానికి ఆయన ఆటో పనికొస్తుందేమో, అంత దూరం ఆటోలో ఆవిడకు కష్టమైతే బస్టాండు దాకానో రైల్వే స్టేషను దాకానో దింపవచ్చు. కీమో బండ్ల ఖర్చు ఎంతవుతుందో ఆ ఇంట్లో ఎవరూ బయటికి చెప్పుకోరు.

ఆదివారం ప్రార్థన మనవుల్లో పిన్నిగారి పేరు చెప్పాలనుకుంటే, ముందు ఆవిడను అడగండి. మా మందిరంలో మీ కోసం ప్రార్థన చేయించమంటారా అంటే చాలామంది హిందూ కుటుంబాలవాళ్లు సంతోషంగా చేయించమ్మా అంటారు. ఆవిడ వద్దంటే జబ్బు పేరు, మనిషి పేరు మందిరంలో ఎత్తకండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లల చేత చెప్పించండి.